చిన్నగా కనిపించడం ఎవరి ఘనత?

మా వదిన కుటుంబ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పెట్టింది. యాభై దాటినా ముప్ఫైల్లో ఉన్నట్టు కనిపించే ఒకావిడ తన దినచర్య చెబుతోంది. పొద్దున్నే గోరువెచ్చని నీళ్లలో నిమ్మరసం, నానబెట్టిన బాదంపప్పులు, గంటసేపు యోగా, రాత్రి ఏడు దాటితే ముద్ద ముట్టకపోవడం. కింద పిన్నులు, అత్తయ్యలు వరసగా చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఒక మేనకోడలు మాత్రం "ఆవిడ ఇంట్లో అంట్లు ఎవరు తోముతారు?" అని అడిగింది. ఎవరూ జవాబివ్వలేదు. పిల్ల పెంకిగా అడిగినా ప్రశ్న చిన్నదేమీ కాదు.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎవరైనా వయసు కంటే చిన్నగా కనిపిస్తే అందులో వాళ్ల సొంత పట్టుదల వాటా మనం అనుకునేదాని కంటే చాలా తక్కువ. పుట్టుకతో వచ్చింది కొంత. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం వాళ్లు చేసిన పని, తాగిన నీళ్లు, నోట్లో మిగిలిన పళ్లు, ఇంట్లో ఉన్న డబ్బు తేల్చేసినవే. అయినా మనం అడిగేది "మీ రహస్యం ఏమిటి?" అనే. నాగార్జున 1959లో పుట్టారు. ఈ ప్రశ్న ఆయన్ని అడగని తెలుగు యాంకర్ ఉండరేమో. వెలుతురును, మేకప్‌ను, వేళకు తిండిని, తీరికను చూసుకోవడానికి చుట్టూ మనుషులుండే వృత్తి ఆయనది. ఆయన క్రమశిక్షణను తక్కువ చెయ్యడం లేదు. అదే క్రమశిక్షణ ఒక తాపీమేస్త్రీకి ఉంటే ముఖం ఎలా ఉండేదన్నది నాకు ఆసక్తి కలిగించే ప్రశ్న.

ఒకే తరగతి, ఎన్నో వయసులు

మా పదో తరగతివాళ్లం నిరుడు కలుసుకున్నాం. నల్లగొండ జిల్లాలో మునుగోడు దగ్గర ఊరు, జిల్లా పరిషత్ హైస్కూలు, 1990 బ్యాచ్. ఈ ఆత్మీయ సమ్మేళనాలు ఎలా జరుగుతాయో అందరికీ తెలుసు కాబట్టి ఫ్లెక్సీలు, ఉపన్యాసాలు, కన్నీళ్లు వదిలేస్తున్నాను. నేను చూసింది ముఖాలను. వయసు మనుషుల మీద ఎలా పడుతుందో గమనించడానికి ఇంతకంటే మంచి చోటు దొరకదు. ఒకే ఊరు, ఒకే బడి, ఒకే బోరింగు నీళ్లు, దాదాపు ఒకే ఈడు. మూడున్నర దశాబ్దాలు గడిచాక కొందరు నలభైల్లో ఉన్నట్టున్నారు, కొందరు అరవై అయిదు దాటినట్టున్నారు.

మాస్టార్లకు సన్మానం మొదలైనప్పుడు శాలువా పట్టుకున్న కుర్రాడు నేరుగా వెళ్లి మా తరగతివాడికే కప్పేశాడు. లెక్కల మాస్టారు పక్క కుర్చీలోనే ఉన్నారు, రంగు వేసిన జుట్టుతో, ఇస్త్రీ చొక్కాతో. మావాడు తాపీమేస్త్రీ. అందరికంటే ముందు వాడే నవ్వాడు. శాలువా తీసి మాస్టారికి కప్పుతూ "నేను రిటైరయ్యానంటే పింఛనైనా వస్తుంది సార్" అన్నాడు.

భోజనాల దగ్గర నేను మనసులోనే ఒక వరస వేసుకున్నాను. చిన్నగా కనిపిస్తున్నవాళ్లలో అమెరికా నుంచి వచ్చినవాడు, బ్యాంకు మేనేజరు, ఇద్దరు టీచర్లు ఉన్నారు. హైదరాబాదులో ఏసీ గదిలో కూర్చుని పనిచేసే నన్ను కూడా ఆ వరసలోనే వెయ్యాలి. పెద్దగా కనిపిస్తున్నవాళ్లలో మేస్త్రీ, లారీ డ్రైవరు, పత్తి చేలలో కూలికి వెళ్లే ఆడవాళ్లు, కల్లుగీసేవాడు. ఈ రెండు వరసల మధ్య తేడా ఎక్కడ ఉందో కనిపెట్టడానికి పరిశోధన అక్కరలేదు. అయినా అమెరికావాడిని అందరూ రహస్యం అడిగారు, వాడు సూర్యనమస్కారాల గురించి చెప్పాడు. మేస్త్రీ శ్రద్ధగా విని, "పొద్దున్నుంచి సాయంత్రం దాకా సూర్యుడి కింద వంగి లేస్తూనే ఉంటాను కదరా, నాకెందుకు పనిచెయ్యలేదు?" అన్నాడు.

ఇక్కడ ఒక చిక్కుంది. మేమంతా ఒకే ఈడువాళ్లమన్న మాటే పూర్తిగా నమ్మదగింది కాదు. మా రోజుల్లో బడిలో చేర్చేటప్పుడు పిల్లవాడు చెయ్యి తల మీదుగా తిప్పి అవతలి చెవి అందుకుంటే అయిదేళ్లు నిండినట్టే. పుట్టిన తేదీ హెడ్మాస్టరు రాసిందే. జూన్, జులై నెలల్లో అంతమంది పిల్లలు పుట్టిన ఊరు ప్రపంచంలో మాదొక్కటే అయి ఉంటుందనుకునేదాన్ని, తర్వాత అన్ని ఊళ్లూ అంతేనని తెలిసింది. చదువు ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లు, మధ్యలో గొర్రెలు కాయడానికి వెళ్లి తిరిగొచ్చినవాళ్లు మా తరగతిలో ఉండేవారు. కాబట్టి ఆ పెద్దగా కనిపించేవాళ్లలో కొందరు నిజంగానే మాకంటే రెండు మూడేళ్లు పెద్ద. ఒప్పుకుంటాను. కానీ రెండు మూడేళ్ల తేడా ఇరవై ఏళ్ల తేడాను పూడ్చలేదు.

ఎండ, నీళ్లు, పళ్లు

లారీ నడిపేవాడి ముఖాన్ని జాగ్రత్తగా చూస్తే కుడి చెంప ఎడమ చెంప కంటే మొరటుగా, నల్లగా ఉంది. కుడి చెయ్యి కూడా అంతే. 2012లో ఒక అమెరికన్ వైద్యపత్రికలో ఇలాంటి ఫొటోయే అచ్చయి ప్రపంచమంతా తిరిగింది. ఇరవై ఎనిమిదేళ్లు డెలివరీ ట్రక్కు నడిపిన 69 ఏళ్ల మనిషి. అక్కడ స్టీరింగు ఎడమవైపు కాబట్టి ఎడమ చెంప లోతైన ముడతలతో వేలాడుతోంది, కుడి చెంప మామూలుగా ఉంది. ఒకే తండ్రి కొడుకు, ఒకే తిండి, ఒకే ఒత్తిడి, ఒకే ముఖం. తేడా అల్లా కిటికీలోంచి వచ్చిన ఎండే. ఎండలో మనల్ని కమిలేట్టు చేసే కిరణాలను అద్దం చాలావరకు ఆపుతుంది. చర్మం లోపలి పొరల్లోకి దిగి, దాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్ అనే ప్రొటీన్‌ను, సాగే గుణాన్ని దెబ్బతీసే అల్ట్రావయొలెట్-ఎ కిరణాలు మామూలు అద్దంలోంచి కూడా వస్తాయి.

మన నల్లని చర్మం దీన్ని తెల్లవాళ్ల చర్మం కంటే బాగా తట్టుకుంటుంది. ముడతలు ఆలస్యంగా వస్తాయి. బదులుగా మనకు మంగు వస్తుంది, రంగు మచ్చలుమచ్చలుగా విడిపోతుంది. ఇక్కడ మన కళ్ల తప్పు కూడా కొంత ఉంది. చర్మం గట్టిగానే ఉన్నా, ఎండకు నల్లబడిన మనిషిని మనం నాలుగేళ్లు ఎక్కువ లెక్కేస్తాం. పేదవాడని కూడా అనుకుంటాం. రెండూ ఒకే చూపులో జరిగిపోతాయి.

మా ప్రాంతంలో ఎండ కంటే నీళ్లే ఎక్కువ పనిచేశాయి. ఫ్లోరైడు గురించి నల్లగొండవాళ్లకు చెప్పనక్కరలేదు. నీళ్లలో అది ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును మన దేశంలో మొదట వివరంగా నమోదుచేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచి. పటిక, సున్నం కలిపి నీళ్లలో ఫ్లోరైడును తగ్గించే పద్ధతికి ప్రపంచం పెట్టుకున్న పేరు మాత్రం 'నల్లగొండ టెక్నిక్'. ఊరికి ఇంతకంటే చేదు కీర్తి ఉంటుందా? లీటరు నీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్నది హద్దు. అంతకు ఎన్నో రెట్లున్న నీళ్లు తాగి పెరిగినవాళ్లకు ముందు పళ్ల మీద గోధుమరంగు చారలు, తర్వాత కీళ్లు బిగుసుకోవడం, ఆపైన వెన్నెముక ఎముకలను కలిపి పట్టే బంధనాలు గట్టిపడి నడుము వంగడం. మా తరగతిలో ఒకతను మెడ తిప్పలేడు. పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూస్తాడు. వెనక నుంచి చూస్తే డెబ్భై ఏళ్ల ముసలాయన. ముందు నుంచి చూస్తే ముఖంలో ఇంకా ఆ పదో తరగతి అల్లరి ఉంది. ఇతనికి ఏ బాదంపప్పు సిఫారసు చేస్తాం?

పళ్ల గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. ముఖం వయసులో పళ్ల పాత్ర పెద్దది. పన్ను ఊడితే దాన్ని మోసిన దవడ ఎముక కూడా పనిలేక కరిగిపోతుంది. ముక్కుకూ గడ్డానికీ మధ్య దూరం తగ్గుతుంది, పెదవులు లోపలికి పోతాయి, బుగ్గలు పీక్కుపోతాయి. మధ్యతరగతివాడు రూట్ కెనాల్ చేయించి పన్ను నిలబెట్టుకుంటాడు. కూలీ ఆ నొప్పికి పన్ను పీకించుకుంటాడు, ఎందుకంటే పీకించడం ఒక్కరోజు కూలితో తేలిపోతుంది. పదేళ్లలో అలా నాలుగు పళ్లు పోతే ముఖం తాతగారిదైపోతుంది. గుట్కా అలవాటైతే నోరు తెరుచుకోనంతగా బుగ్గలు లోపల బిగుసుకుంటాయి, అది ఇంకో కథ.

బుగ్గల మాట వచ్చింది కాబట్టి ఒక తమాషా సంగతి. అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ట్విన్స్‌బర్గ్‌లో ఏటా కవలల పండుగ జరుగుతుంది. అక్కడికి వచ్చిన 186 జతల కవలల ఫొటోలు పోల్చి 2009లో ఒక పరిశోధన అచ్చువేశారు. పొగతాగడం, ఎండ, విడాకులు వయసును పెంచి చూపించాయి. నలభై లోపు కవలల్లో లావుగా ఉన్నవాళ్లు పెద్దగా కనిపించారు. నలభై దాటాక మాత్రం లెక్క తిరగబడింది, కాస్త ఒళ్లున్నవాళ్లే చిన్నగా కనిపించారు. ముఖంలో కొవ్వు కరిగితే చర్మం జారుతుంది. సన్నబడితే చిన్నబడతామని నమ్మి నడివయసులో కడుపు మాడ్చుకునేవాళ్లు ఇది గమనించాలి. పత్తి చేలో పనిచేసే నా స్నేహితురాళ్లకు ఏ డైటింగూ లేకుండానే ఆ బుగ్గలు పోయాయి.

ఆడవాళ్ల లెక్క వేరు

ఆ స్నేహితురాళ్లలో ఒకామె చెయ్యి కడుక్కునే చోట నా పక్కన నిలబడి, "నీకింకా నెల నెలా వస్తుందా?" అని అడిగింది. వస్తుందన్నాను. ఆమెకు ముప్ఫై నిండకముందే గర్భసంచి తీసేశారు. తెల్లబట్ట అవుతోందని ఆస్పత్రికి వెళితే క్యాన్సర్ అవుతుందని భయపెట్టారట. ఇద్దరు పిల్లలు పుట్టేశారు కదా, ఇంకెందుకు అన్నారట.

ఇది ఆమె ఒక్కదాని కథ అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం చిల్లర. తెలంగాణలో 7 శాతం పైన, ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతానికి దగ్గర. అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజు నుంచే ముట్లుడిగినట్టు. వాటిని ఉంచినా కొందరిలో అవి ముందుగానే నీరసిస్తాయి. ఈస్ట్రోజెన్ అనే స్త్రీ హార్మోను పడిపోయాక మొదటి కొన్నేళ్లలోనే ఎముక, చర్మంలోని కొల్లాజెన్ వేగంగా తగ్గుతాయి. ముప్ఫైల్లో మొదలైన ముసలితనాన్ని యాభైల్లో చూసి "అయ్యో, ఇలా అయిపోయావేమే" అంటున్నాం మనం.

శరీరం సంగతి ఇదైతే, అలంకరణ సంగతి ఇంకా విచిత్రం. ముఖంలో కళ్లు, కనుబొమ్మలు, పెదవులు చుట్టూ ఉన్న చర్మం కంటే ముదురుగా ఉంటాయి. వయసు పెరిగేకొద్దీ ఈ తేడా మాసిపోతుంది. తేడా ఎక్కువున్న ముఖాలను చూసేవాళ్లు చిన్నవయసువిగా అంచనా వేస్తారని ఈమధ్య పరిశోధనలు చూపించాయి. అది చదివినప్పుడు నాకు తట్టింది కాటుక, కుంకుమ, తాంబూలంతో పండిన పెదవులు. మన అమ్మమ్మలకు ఈ శాస్త్రం పేరు తెలియకపోయినా పని తెలుసు. వెంటనే తట్టిన రెండో సంగతి అంత ఆహ్లాదకరమైనది కాదు. విధవరాలి నుంచి మన సమాజం తీసేసినవి సరిగ్గా ఇవే. బొట్టు, కాటుక, తాంబూలం, పువ్వులు, రంగుచీర, కొన్ని కులాల్లో జుట్టు కూడా. కందుకూరి వీరేశలింగం 1881లో రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించేనాటికి పదీ పన్నెండేళ్ల పిల్లలు కూడా ఆ వేషంలో ఉన్నారు. ఒక పిల్లను ముసలమ్మగా మార్చడానికి ఏమేం తుడిచెయ్యాలో అంత ఖచ్చితంగా తెలిసిన సమాజం, వయసు ముఖంలో సహజంగా వస్తుందని నటించడం ఎందుకు?

మరి అలవాట్ల మాటేమిటి

మా ఆయన ఈ వాదన వింటే వెంటనే తన బాబాయి పేరెత్తుతారు. డబ్బుకు లోటు లేదు, ఎండలోకి వెళ్లింది లేదు, నలభై అయిదుకే అరవైలా కనిపించేవారు. రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు. నిజమే. పొగ చర్మాన్ని, చిగుళ్లను పాడుచేస్తుంది, పైన చెప్పిన కవలల్లోనూ అది కనిపించింది. డబ్బు ఇచ్చినదాన్ని అలవాటు తగలెయ్యగలదు. కానీ డబ్బు, నీడ ఇవ్వనిదాన్ని అలవాటు ఎంతవరకు తెచ్చిపెట్టగలదన్నదే నా సందేహం. మా మేస్త్రీకి సిగరెట్ లేదు, మందు లేదు, రాత్రి ఎనిమిదికల్లా నిద్ర. వీడియోలో ఆవిడ పాటించేవాటిలో బాదంపప్పులు తప్ప అన్నీ వాడివే.

జన్యువుల వాటా కూడా పెద్దదే. బాలనెరుపు మా పుట్టింటి ఆస్తి, మా అన్నకు ఇంటర్లోనే తల సగం తెల్లబడింది. దీనికి ఎవరూ ఏమీ చెయ్యలేరు, ఎవరినీ మెచ్చుకోనూలేరు, తిట్టనూలేరు.

ఇంకొక అభ్యంతరం ఊరివాళ్ల దగ్గరనుంచే వస్తుంది. "పొలం పని చేసేవాళ్లే గట్టిగా ఉంటారు, మీ పట్నంవాళ్లు మెట్లెక్కితే ఆయాసపడతారు" అంటారు. ఇందులో నిజముంది. ఎనభైలో కూడా నిటారుగా గట్ల మీద నడిచే రైతులను నేను చూశాను. వయసును మనం చర్మంలో ఎంత చదువుతామో నడకలో, గొంతులో, వాలకంలో కూడా అంతే చదువుతాం. గుమ్మడి వెంకటేశ్వరరావు ఎన్టీఆర్ కంటే నాలుగేళ్లు చిన్న. 1957 మాయాబజార్‌లో ఎన్టీఆర్ కృష్ణుడైతే ఆయన అన్న బలరాముడు గుమ్మడి, అప్పటికి ముప్ఫై నిండలేదు. ఎవరికైనా అనుమానం వచ్చిందా? కానీ ఆ నిటారు రైతును చూపించేవాళ్లు, అతనితో పాటు అదే గట్ల మీద నడిచి యాభై అయిదుకే పోయినవాళ్లను లెక్కలోకి తీసుకోరు. మిగిలినవాళ్లే మనకు కనిపిస్తారు.

పోవడం అన్న మాట ఊరికే అనలేదు. డెన్మార్క్‌లో డెబ్భై దాటిన 1,826 మంది కవలల ఫొటోలు నర్సులకూ ఇతరులకూ చూపించి వయసు ఊహించమన్నారు. తర్వాత కొన్నేళ్లు వాళ్లను గమనించారు. 2009లో అచ్చయిన ఫలితం ఏమిటంటే, జంటలో పెద్దగా కనిపించినవాళ్లే ముందు చనిపోయే అవకాశం ఎక్కువ. ఇద్దరి ముఖాల్లో తేడా ఎంత ఎక్కువైతే ఆ అవకాశం అంత ఎక్కువ. నేను చాలాకాలం "ముఖం చూసి వయసు కట్టడం మర్యాద కాదు, పైపై సంగతి" అనుకునేదాన్ని. ఇది చదివాక ఆ మాట అనడం కష్టం. శాలువా కప్పిన కుర్రాడు పొరబడ్డాడని నవ్వుకున్నాం కానీ, మా మేస్త్రీ శరీరంలో గడిచిన కాలాన్ని వాడు సర్టిఫికెట్ కంటే సరిగ్గా చదివి ఉండొచ్చు.

తెల్లజుట్టు ఖరీదు

ఈమధ్య మా ఆఫీసులో పెద్ద హోదాల్లో ఉన్నవాళ్లు జుట్టుకు రంగు మానేశారు. నెరిసిన గడ్డం, ఖరీదైన కళ్లజోడు, పైగా "హుందాగా ఉన్నారు సార్" అన్న పొగడ్త. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ మాత్రం రెండు వారాలకోసారి పొడి డై కలుపుకుంటాడు. దురద పుట్టి నుదుటి మీద దద్దుర్లు వచ్చినా మానడు. తల తెల్లగా ఉంటే ఏజెన్సీవాళ్లు రాత్రి డ్యూటీకి పనికిరావని తీసేస్తారట. ఒకరికి హుందాతనం తెచ్చిన తెల్లజుట్టే ఇంకొకరి కూడు తీసేస్తుంది. కాబట్టి రంగు వేసుకునే మగవాళ్లను వెక్కిరించే జోకులు నాకిక నవ్వు తెప్పించవు.

పని మనుషులను వేర్వేరు వేగాలతో ముసలివాళ్లను చేస్తుందని ప్రభుత్వానికి తెలుసు. పింఛన్ల నిబంధనలు చూడండి. తెలంగాణలో వృద్ధాప్య పింఛనుకు 57 ఏళ్లు నిండాలి, చేనేత, గీత కార్మికులకు 50 చాలు. ఆంధ్రప్రదేశ్‌లో మామూలుగా 60, నేతపనివారికి, గీతకార్మికులకు, మత్స్యకారులకు, డప్పు కళాకారులకు 50, చెప్పులు కుట్టే సంప్రదాయ వృత్తివారికి 40. ఈ అంకెలు నిర్ణయించినవాళ్లు మన రహస్యాల వీడియోలు చేసేవాళ్ల కంటే లోకం ఎరిగినవాళ్లు. నాకున్న ఫిర్యాదల్లా ఆ జాబితా మధ్యలో ఆగిపోయిందని. తాటిచెట్టు ఎక్కేవాడికి యాభైకే ముసలితనం వస్తుందని ఒప్పుకున్నప్పుడు, పరంజా ఎక్కేవాడికి, పత్తి ఏరే ఆమెకు ఎందుకు రాదు?

మా ఇంట్లో పనిచేసే ఆమెను చూసినవాళ్లెవరూ అరవై అయిదుకు తక్కువ అనరు. ఆధార్ ప్రకారం ఆమెకు 54, అంటే పింఛనుకు ఇంకా మూడేళ్లు ఆగాలి. బడికి వెళ్లలేదు కాబట్టి కాగితం ఏదీ లేదు. ఆధార్ తీసినరోజు ఏ ఏడు పుట్టావని అడిగితే తెలియదంది, ఆ కుర్రాడు ఆమె ముఖం చూసి ఒక సంవత్సరం వేసి, జనవరి 1 అని కొట్టాడు. అప్పట్లో ఆమె బాగానే ఉండేదట, పాపం తక్కువ వేశాడు. ఆమె పెద్దకొడుక్కి 41 అని వాడి బడి సర్టిఫికెట్ చెబుతోంది. అంటే ఆధార్ లెక్కన ఆమె పదమూడేళ్లకు తల్లయింది. అసాధ్యం కాదు కానీ, పెళ్లయిన ఐదేళ్లకు గానీ తనకు పిల్లలు పుట్టలేదని ఆమె అంటుంది. పుట్టిన తేదీ ఒక్కసారే మార్చుకోనిస్తారు, అదీ రుజువు ఉంటేనే. కొడుకు సర్టిఫికెట్ తల్లి వయసుకు రుజువు కాదన్నారు. వచ్చే వారం ఆమెతో పాటు మీసేవకు నేనూ వెళుతున్నాను, ఏ కాగితం చెల్లుతుందో కనీసం రాసివ్వమని అడగడానికి.